హీరో కంపెనీ బంజారాహిల్స్‌లోనే ఎందుకు?

గిద్దలూరులో డిగ్రీ చదివే అమ్మాయి ఫోన్‌లో ప్రేమ సీరియల్ రాయడం మొదలుపెడితే, హీరోకు బంజారాహిల్స్‌లో ఒక కంపెనీ ఉంటుంది. మార్కాపురం అబ్బాయి రాసినా అంతే. హీరోయిన్ అక్కడికి ఇంటర్వ్యూకి వెళ్తుంది, లిఫ్టు దగ్గర హీరోను ఢీకొంటుంది. ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో, జీతాలు ఎక్కడినుంచి ఇస్తుందో రాసినవాళ్లకే తెలీదు. ఇరవయ్యో ఎపిసోడ్‌కి చదివేవాళ్లకు విసుగొస్తుంది. రాసేవాళ్లకు అంతకంటే ముందే సరుకు అయిపోతుంది.

ప్రేమ నవలలు రాయడాన్ని ఒక పనిగా పెట్టుకోవాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ముందు ఒక నోటుబుక్కు, ఒక బస్సు టికెట్టు కొనుక్కోండి. ఊహాశక్తి తర్వాత చూసుకోవచ్చు.

ఈ మాట అనగానే చాలామంది యద్దనపూడి సులోచనారాణి పేరు ఎత్తుతారు. ఆరడుగుల అందగాడు, పడవలాంటి కారు... ఆమె రాసిందంతా ఊహాలోకమే కదా అంటారు. 'సెక్రటరీ' మరోసారి తిరగేయండి. 1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టి, పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చిన ఆమె ఆ నవలను 1960ల మధ్యలో 'జ్యోతి' మాసపత్రికకు సీరియల్‌గా రాశారు. మధ్యతరగతి ఇంటి అమ్మాయి గడప దాటి ఆఫీసుకెళ్లి జీతం తెచ్చుకోవడం అప్పటికి చాలా ఇళ్లల్లో కొత్త. కథలో జయంతికి ఉద్యోగం అవసరం. ఆ ఉద్యోగం చుట్టూ నలుగురి మాటలూ ఉన్నాయి. అందుకే రాజశేఖరంతో ఆమె వ్యవహారం అంత బిగువుగా నడుస్తుంది. మనకు గుర్తున్నది కారే కావచ్చు గానీ, అప్పటి పాఠకురాలిని పట్టి కూర్చోబెట్టింది ఆ ఉద్యోగమేనని నా అభిప్రాయం.

ఇప్పుడు మన పక్కన చూడండి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక ఎంతమంది అమ్మాయిలు సొంత మండలం దాటి పక్క మండలాల్లో ఉద్యోగం చేస్తున్నారు! కొమరోలు నుంచి అర్ధవీడుకో, తర్లుపాడు నుంచి పుల్లలచెరువుకో పోస్టింగ్ వచ్చిన ఒక డిజిటల్ అసిస్టెంట్‌ను ఊహించుకోండి. పొద్దున్నే హాజరు వెయ్యాలి, బస్సు తప్పితే ఆటో. పింఛను రాలేదని ఎదురుగా కూర్చున్న అవ్వకు జవాబు చెప్పాలి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అబ్బాయి గ్రూప్-2కి మూడో ఏడాది చదువుతున్నాడు, నోటిఫికేషన్ రాలేదు. ఈ కథలో హీరో కారు ఊసే అక్కర్లేదు.

ఇంగ్లండ్ రచయిత్రి జార్జెట్ హేయర్ (1902-1974) రెండొందల ఏళ్ల కిందటి ప్రేమకథలు రాసేవారు. ఆనాటి బట్టలు, గుర్రపు బండ్లు, వస్తువుల ధరలు, మాట తీరు అన్నీ నోటుబుక్కుల్లో ఎక్కించుకునేవారు. 1937లో వచ్చిన 'యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ'లో ప్రేమకథతోపాటు వాటర్లూ యుద్ధం మొత్తం ఉంటుంది. దానికోసం ఆనాటి ఉత్తరాలు, జ్ఞాపకాలు తవ్వి చదివారు. ఆమెకు దొరికింది కాగితాలే. మనకైతే మనుషులే ఎదురుగా ఉన్నారు.

మరి యాడికి పోవాలి? మొదట మార్కాపురంలో పలకల పని జరిగే చోటికి. ఒకప్పుడు దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడివి. నోటుబుక్కులు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక చాలా యూనిట్లు మూతపడ్డాయి. మిగిలినవాటిలో కొన్ని గోడలకు, నేలకు వేసే రాయి వైపు మళ్లాయి. అక్కడ గంటసేపు ఊరికే కూర్చోండి. రాయి పొరలు పొరలుగా ఎలా విడదీస్తారు, చట్రం ఎవరు బిగిస్తారు, దుమ్ము నుంచి ముక్కూ నోరూ ఎలా కాపాడుకుంటారు, కూలి రోజుకా ముక్కకా, టీ ఎవరు తెస్తారు... ఇవన్నీ రాసుకోండి. నోటుబుక్కు తియ్యగానే "ఏ పేపరమ్మా?" అని అడుగుతారు. నవల కోసమని నిజం చెప్పండి. లోపలికి వెళ్లే ముందు యజమానిని అడగండి, ఫొటోకి ముందు పనివాళ్లనూ అడగండి. వాళ్ల పేర్లు, ఇంటి గొడవలు ఉన్నవి ఉన్నట్టు కథలోకి దించొద్దు. చెంచుగూడేలకు సెల్ఫీ కర్రతో వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఒళ్లుమండుతుంది. రీసెర్చ్ పేరుతో ఆ పని చెయ్యకండి.

తర్వాత కంభం చెరువు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు కట్ట వేసి విజయనగర కాలంలో కట్టిన చెరువిది. గజపతుల ఇంటి ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దీనికి అంతర్జాతీయ సాగునీటి వారసత్వ గుర్తింపు వచ్చింది. ఈ చరిత్రంతా కథలో పొయ్యక్కర్లేదు. చెరువు నిండిన ఏడాదికి, ఎండిన ఏడాదికి ఆయకట్టు ఇళ్లల్లో పెళ్లి మాటలు ఎలా మారతాయో అడిగి తెలుసుకోండి, అది కథకు పనికొస్తుంది. వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. ఆ నీళ్ల కోసం ఎదురుచూస్తూనే ఒక తరం పుట్టి పెళ్లీడుకొచ్చింది. నీళ్లు లేక ఇల్లంతా హైదరాబాద్‌కో బెంగళూరుకో వలసపోతే, ఇక్కడ మిగిలిన అబ్బాయికి, అక్కడికి పోయిన అమ్మాయికి మధ్య ఏం జరుగుతుంది? నాకైతే బంజారాహిల్స్ లిఫ్టు కంటే ఇదే ఎక్కువ చదవాలనిపిస్తుంది.

కథకు మలుపులు కూడా ఈ దారుల్లోనే దొరుకుతాయి. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే అడవి దారిలో రాత్రిపూట వాహనాలను ఆపేస్తారు, పులుల అభయారణ్యం కదా. గేటు పడ్డాక వచ్చిన హీరో తెల్లారేదాకా దోర్నాలలోనే ఉండాలి. కాకతాళీయంగా కలవడాలకు తంటాలు పడే రచయితకు అటవీశాఖ ఉచితంగా ఇచ్చిన సౌకర్యం ఇది! గిద్దలూరులో రైలెక్కి దిగువమెట్ట మీదుగా నంద్యాల దాకా నల్లమల దాటి చూడండి. పక్క సీట్లో మాటలు విని, దిగగానే రాసుకోండి.

రోజువారీ జీవితం మాత్రం ఇంత సరదాగా ఉండదు. సీరియల్ రాసేవాళ్లకు రోజూ ఒక లెక్క ఉంటుంది, వెయ్యి పదాలో రెండు వేల పదాలో. జ్వరమొచ్చినా, సెమిస్టర్ పరీక్షలున్నా పాఠకులు ఆగరు. పొద్దున రాయడం, రాత్రి దిద్దడం, మధ్యలో కామెంట్లకు జవాబులు. తిరగడానికి నెలకు రెండు రోజులు దొరికితే గొప్ప.

డబ్బు సంగతికొద్దాం. ఇంట్లో అమ్మానాన్నలు అడిగేది అదే, అడగడం న్యాయమే. ఒకప్పుడు వారపత్రికలు, అద్దె లైబ్రరీలు నవలా రచయితల్ని నిలబెట్టాయి. ఇప్పుడు 2014లో మొదలైన ప్రతిలిపి లాంటి యాప్‌లు, ఎపిసోడ్ల లెక్కన కథలు రాయించుకునే ఆడియో కంపెనీలు ఉన్నాయి. రాబడి కొందరికి వస్తుంది, అందరికీ రాదు, ప్రతి నెలా ఒకేలా రాదు. అందుకని ఉద్యోగ ప్రయత్నం మానొద్దు. యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంట్, ఉద్యోగం చేస్తూనే రాశారు. మీ నోటుబుక్కు వేరే చోటా పనికొస్తుంది. అపరిచితుడితో అరగంట మాట్లాడి, విన్నది రెండు పేజీల్లో పెట్టగలిగినవాళ్లు టీవీ స్క్రిప్టుకైనా పత్రికకైనా సర్వే ఉద్యోగానికైనా కావాలి.

సంతకం దగ్గర మాత్రం జాగ్రత్త. మీరు రాసిన కథకు కాపీరైట్ రాసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కులు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఎన్నేళ్లకు ఇస్తున్నారో ఒప్పందంలో లేకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అయిదేళ్లకే ఇచ్చినట్టు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. కాబట్టి మొదటి ఒప్పందం ఫోన్‌లో రాగానే 'ఐ అగ్రీ' నొక్కకండి. ఎన్నేళ్లు, ఏ భాషలు, ఆడియో హక్కు ఎవరిది, సినిమా హక్కు ఎవరిది అన్నవి వెతకండి. కనబడకపోతే మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.