తరం మారినా తెగని దారం

తిరుచానూరులో పద్మావతీ అమ్మవారి బ్రహ్మోత్సవాలు ఏటా కార్తికమాసంలో జరిగి పంచమీతీర్థంతో ముగుస్తాయి. అలంకారాలు మారవచ్చు, భక్తుల సంఖ్య పెరగవచ్చు. ఉత్సవక్రమం మాత్రం తెగదు. పాతదాన్ని నిలుపుకొంటూ కొత్తదాన్ని చేర్చుకోవడమే ఏ సంప్రదాయానికైనా బలం. ఈ సూత్రం యంత్రలోకానికీ వర్తిస్తుందనడానికి మినీకంప్యూటర్ల చరిత్రే నిదర్శనం.

గదినంతా ఆక్రమించే భారీ కంప్యూటర్లు రాజ్యమేలుతున్న కాలంలో, 1965లో, అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ పి.డి.పి.-8 అనే చిన్న యంత్రాన్ని 18 వేల డాలర్లకు అందించింది. అది 12 బిట్ల యంత్రం. దాని తరువాత వచ్చిన నమూనాలలో ట్రాన్సిస్టర్లకు బదులు సమీకృత వలయాలు చేరాయి; పరిమాణం తగ్గింది. అయినా యంత్రానికి అర్థమయ్యే ఆదేశాల భాష మౌలికంగా మారలేదు. 1970లో 16 బిట్ల పి.డి.పి.-11, 1977లో 32 బిట్ల వ్యాక్స్ వెలువడ్డాయి. 12 బిట్లతో 4,096 సంఖ్యలను, 16 బిట్లతో 65,536 సంఖ్యలను, 32 బిట్లతో 429 కోట్లకు పైగా సంఖ్యలను సూచించవచ్చు. ఇంత ఎత్తుకు ఎదిగినా, తొలి వ్యాక్స్ యంత్రం పి.డి.పి.-11 కోసం రాసిన ప్రోగ్రాములను కూడా నడపగలిగేది. తండ్రి మాట కొడుకుకు అర్థమైనట్లు, పాత యంత్రంపై పడిన శ్రమ కొత్త యంత్రంలో వృథా కాలేదు.

ఇటువంటి ప్రయత్నమే తెలుగునేలపైనా జరిగింది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో, అణుశక్తి విభాగం ఆధ్వర్యాన, 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అనగా ఇ.సి.ఐ.ఎల్., ఏర్పడింది. ట్రాంబే అణుపరిశోధన కేంద్రంలో సాగిన కృషి ఫలితంగా 1969లో టి.డి.సి.-12 రూపొందింది. ‘ట్రాంబే డిజిటల్ కంప్యూటర్’ అన్నది దాని పూర్తి పేరు. అనంతరం టి.డి.సి.-312, టి.డి.సి.-316, టి.డి.సి.-332 వరుసగా వచ్చాయి. పేర్ల చివరి రెండంకెలు బిట్ల సంఖ్యను తెలుపుతాయి. ఆ అంకెలను చదివితే చాలు, 12 నుంచి 32 వరకు ఆ వంశం ఎదిగిన తీరు బోధపడుతుంది.

ఈ యంత్రాలు విదేశీ యంత్రాలకంటే వెనుకబడినవని విమర్శకులు అంటారు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. పి.డి.పి.-8 వచ్చిన నాలుగేళ్లకు టి.డి.సి.-12 వచ్చింది. అవి ఎక్కువగా ప్రభుత్వ ప్రయోగశాలలకు, విశ్వవిద్యాలయాలకు చేరాయే గాని విపణిని జయించలేదు. అయితే లోపం మన మేధస్సులో లేదు. కొనసాగింపు వేగంలో ఉంది. ఒక నమూనా విజయవంతమైన రోజే మరొక నమూనాకు పునాది పడాలి. అలా పడనినాడు మొదటి విజయం జ్ఞాపకంగానే మిగులుతుంది.

అంతమాత్రాన ఆ శ్రమ నిష్ఫలమని భావించరాదు. కొన్న యంత్రం పనిని మాత్రమే చేసిపెడుతుంది. స్వయంగా నిర్మించిన యంత్రం పనివారినే తయారు చేస్తుంది. ఏ తీగ ఎక్కడ కలుస్తుందో, ఏ లోపాన్ని ఎలా సవరించాలో తెలిసిన ఇంజనీర్ల తరం ఆ కర్మాగారంలో రూపొందింది. దేశంలో ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాలను తయారుచేసే రెండు ప్రభుత్వసంస్థలలో ఇ.సి.ఐ.ఎల్. ఒకటి కావడం గమనార్హం. నేర్చిన విద్య రూపం మార్చుకొని నిలుస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

కావున పాత కంప్యూటరును తుక్కుగా చూసే దృష్టి మారాలి. కళాశాలల్లో, ప్రయోగశాలల్లో ఎక్కడైనా అలనాటి యంత్రం, దాని వివరణ గ్రంథం, వలయాల పటం మిగిలి ఉంటే వాటిని భద్రపరచడం కర్తవ్యం. తాళపత్రాలను కాపాడుకునే జాతికి ఇది కొత్త ధర్మం కాదు. చేతిలోని ఫోనును ఉపయోగించడం నేర్చినంత మాత్రాన విజ్ఞానం స్వంతం కాదు. దాని పూర్వతరాలు ఏమి సాధించాయో, ఎక్కడ ఆగిపోయాయో తెలుసుకున్న విద్యార్థియే తరువాతి నమూనాను నిర్మించగలడు.