పిచ్చుకంత వడ్రంగి పిట్ట: ఎండు కొమ్మ కొట్టేముందు చూడండి

పైన వీడియోలో మునగ కొమ్మ మీద పాకుతున్నది పిచ్చుక కాదండి, వడ్రంగి పిట్టే. మన తడ వైపు వడ్రంగి పిట్ట అనగానే ఎర్ర జుట్టు, బంగారు వీపుతో తాటిచెట్టుని కరుచుకుని అరిచే పెద్దదే గుర్తొస్తుంది. ఇది అందులో సగం, 13 సెంటీమీటర్లే. నెత్తి గోధుమ రంగు, ముదురు రెక్కల మీద తెల్ల మచ్చలు, కంటి వెనక వెడల్పాటి గోధుమ పట్టీ. మగదానికి సన్నటి ఎర్ర గీత ఉంటుంది గానీ కింద నుంచి కనపడదు. నుదురు పసుపుగా, పొట్ట మీద ఎర్ర మచ్చ ఉంటే అది వేరే రకం, కాస్త పెద్దది.

కొందరు వీడియోల్లో "వడ్రంగి పిట్టలొస్తే మామిడి కాండం తొలిచే పురుగు పోతుంది" అంటున్నారు. ఈ పిట్ట విషయంలో నేనొప్పుకోను. ఆ పురుగు వేలెడు లావుతో కాండం లోపలెక్కడో ఉంటుంది. ఈ పిట్ట బరువే 15 గ్రాములు అటూఇటూ. దీని పని సన్న రెమ్మల మీద. పెద్ద పిట్టలు ఆనలేని చోట తలకిందులుగా వేలాడి చిన్న లార్వాలు, పెంకు పురుగులు, చీమలు ఏరుకు తింటుంది. దీన్ని నమ్ముకుని నీమాస్త్రం మానేయకండి.

మరి దీనికోసం ఎందుకింత గొడవ అంటే, ఎండు కొమ్మ గురించి. డిప్లొమాలో మాకు నేర్పింది ఎండు కొమ్మ కోసి బోర్డో పేస్టు పూయమని. మామిడిలో అది కరెక్టే, తెగులు కిందికి దిగుతుంది. కానీ గట్టు మీద వేపకీ, ముసలి మునగకీ అదే సూత్రమెందుకు? గట్టి పచ్చి కలప దీని ముక్కుకి లొంగదు. ఎండి మెత్తబడిన కొమ్మకి అడుగువైపున చిన్న తొర్ర చేసుకుంటుంది. గుడ్లు పెట్టేది ఎక్కువగా ఫిబ్రవరి నుంచి జూలై లోపు. మనం కంచె బాగుచేసి కట్టెలు కొట్టేదీ ఆ ఎండాకాలంలోనే!

సూళ్లూరుపేట ఫ్లెమింగో పండగకీ, నేలపట్టు గూడబాతులకీ ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, మంచిదే. మన గట్టు పిట్టని చూసేవాళ్లు మాత్రం మనమే.

తుఫాను గాలికి ఇంటి మీదో, కరెంటు తీగల మీదో పడే కొమ్మలు కొట్టేయండి, తప్పదు. మిగతా చోట రెండు మూడు వదలండి. చెట్టు కింద తాజా చెక్కపొట్టు కనపడితే తలెత్తి కొమ్మ అడుగున చూడండి. తొర్ర ఉంటే జూలై దాటేదాకా ఆగండి. వీడియో తీయాలంటే దూరం నుంచి జూమ్ చేసి తీయండి, ఫోన్‌లో దాని కూత పెట్టి పిలవొద్దు.