పటములోని చోటే బలమా?

అండమాను నికోబారు దీవులు మన దేశమునకు ప్రకృతి ప్రసాదించిన మునుగని విమానవాహక నౌకయనియు, మలక్కా జలసంధి ముంగిట నిలిచిన వీని మూలముననే భారతదేశము మహారాజ్యముల పంక్తిలో కూర్చుండగలదనియు నేడు సభలలోను పత్రికలలోను బహుళముగా వినవచ్చుచున్న వాదము దేశాభిమానులకు ఎంత శ్రవణసుభగమైనను, విచారించి చూచినచో నిలువదు.

అందు సత్యాంశము లేకపోలేదు. సుమారు 8,000 చదరపు కిలోమీటర్ల ఈ నేల వలన మన ప్రత్యేక ఆర్థిక జలమండలములో ఇంచుమించు మూడవ వంతు లభించుచున్నది. గ్రేట్ నికోబారు కొసకును సుమత్రాకును నడుమ రెండువందల కిలోమీటర్లైనను లేవు. 2001లో అచటి త్రివిధ దళములను ఒకే నాయకత్వము క్రిందికి తెచ్చుటయు యుక్తమే. అయినను స్థానము వేఱు, సామర్థ్యము వేఱు.

1789లో పోర్ట్ బ్లెయిరున వెలసిన తొలి వలసను నౌకాదళమునకు అనుకూలమని ఉత్తరాండమానునకు తరలించిన ఆంగ్లేయులు, వ్యాధులకు తాళలేక 1796లో దానిని విడిచిపోయిరి. 1858లో మరల వచ్చి ఖైదీల కాయకష్టముతో కట్టించిన పట్టణమును 1942 మార్చి 23న జపానువారికి ఎదిరింపైనను లేక వదలుకొనిరి; ఆ జపానువారును 1945లో తలవంచిరి. దీవులు మాత్రము కదలలేదు. అంతయేల, మలక్కా పట్టణము నేటికిని ఆ జలసంధి ఒడ్డుననే యున్నది. అయినను 1819లో సుంకము లేని రేవుగా వెలసిన సింగపూరు వర్తకమును తనవైపు త్రిప్పుకొనెను.

ఇక మునుగని నౌక మాట. 2004 డిసెంబరు 26న భూకంపమునకు గ్రేట్ నికోబారు దక్షిణాగ్రమైన ఇందిరా పాయింటు నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగగా, గట్టున నిలిచిన దీపస్తంభము మొదలు నీటిపాలయ్యెను. కారు నికోబారు వైమానిక స్థావరమున సైనికులును వారి కుటుంబములును అలలకు బలియైరి. ఆ ఇందిరా పాయింటుకు చేరువనున్న గలతియా అఖాతముననే ఇప్పుడు మహారేవు తలపెట్టిరి. దానికిని, దానితో వెలయు నగరమునకును, విమానాశ్రయమునకును నూటముప్పది చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించుటకు 2022లో అనుమతియు లభించెను. సునామీలో ఊళ్లు కోల్పోయి, తిరిగి స్వస్థలమునకు పోనిండని వేడుచున్న నికోబారీలును, అడవియే ఆధారమైన షోంపెనులును ఈ మహత్వపు లెక్కలో ఏ పద్దున చేరుదురు?

దీవులలో ఏడెనిమిది మందికొకరు తెలుగువారు. శ్రీకాకుళ తీరమునుండి వలసపోయి, జంగ్లీఘాటున వలలు ఆరవేసుకొని బ్రతుకు మత్స్యకారులు వారిలోనివారే. వారి యింటి బియ్యము, పప్పు, ఉల్లిపాయలు మొదలుకొని విద్యుత్తును పుట్టించు డీజిలు వఱకు, వారు మెయిన్‌లాండ్ అని పిలుచు పన్నెండువందల కిలోమీటర్ల యావలి యొడ్డునుండియే రావలెను. తుపానుకు ఓడ ఆగిన వారమున అంగడిలో కూరగాయల ధర అడుగుటకే జంకు కలుగును. పరుల నౌకామార్గములను శాసింపగలమనువారు తమ దీవికి చేరవలసిన ఓడను సకాలమున చేర్చలేకపోవుట ఏపాటి ప్రాబల్యము?

కావున రేవుతో కూడిన ఈ పథకమంతటికిని వెచ్చింపదలచిన 72,000 కోట్ల రూపాయలకు ముందు ఆసుపత్రికి, త్రాగునీటికి, ఓడలకు పద్దు వ్రాయుడు. దీవివాసుల సమ్మతిని పొందుడు. అటు పిమ్మటనే మలక్కా మాట.