నడిసముద్రంలో చట్టం ఎవరిది?

రోడ్డు మీద బండి ఏ పక్కన నడపాలో మన ప్రభుత్వం చెబుతుంది. మరి నడిసముద్రంలో ఓడకు ఎవరు చెప్పాలి? అక్కడ ఏ ప్రభుత్వమూ లేదు. ఓడను కట్టినది ఒక దేశం, దాని మీద ఎగిరే జెండా మరొక దేశానిది, ఎక్కిన ప్రయాణికులు పది దేశాలవారు. అందుచేత నియమం పెట్టాలంటే అన్ని దేశాలవారూ ఒకచోట కూర్చోక తప్పదు. అలా కూర్చోవటానికి పూర్వం ఒక ఘోరం జరగవలసివచ్చింది.

1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ అనే ఓడ మంచుకొండకు కొట్టుకుని, మూడు గంటలైనా కాకముందే మునిగిపోయింది. అందులో సుమారు 2,200 మంది ఉన్నారు. ప్రాణరక్షణకు ఉన్న పడవలు 20. వాటిలో పట్టేది 1,178 మంది!

ఓడవాళ్ళు చట్టాన్ని మీరారా? లేదు, అదే విచిత్రం. 10,000 టన్నులు, అంతకు మించిన ఓడకు 16 పడవలు చాలునని అప్పటి బ్రిటిష్ నిబంధన. అది రాసిన రోజుల్లో మరీ పెద్ద ఓడలు లేవు. టైటానిక్ 46,000 టన్నులది. ఓడలు పెరిగాయిగాని నిబంధన పెరగలేదు. చట్టం అడిగినదానికన్న నాలుగు పడవలు ఎక్కువే ఉండికూడా సుమారు 1,500 మంది చనిపోయారు.

ఆ రాత్రి కాలిఫోర్నియన్ అనే ఓడ ఎంతో దూరాన లేదు. దానిలో వైర్‌లెస్ చూసేవాడు ఒక్కడే. పగలంతా పనిచేసి పడుకున్నాడు. పాపం, అతన్ని ఏమనగలం? రాత్రి కూడా ఒకరు మేలుకుని ఉండాలనే నియమమే లేదు.

1913 నవంబరు 12న లండనులో 13 దేశాలవారు సమావేశమయారు. టైటానిక్ సంగతి విచారించిన లార్డ్ మెర్సీయే అధ్యక్షుడు. ఊరికే ఉపన్యాసాలిచ్చి వెళ్ళిపోయే సభ కాదది. కొందరు ఓడల నిర్మాణం గురించీ, కొందరు వైర్‌లెస్ గురించీ, కొందరు పడవల గురించీ చర్చిస్తూ పది వారాలు కూర్చున్నారు. ఓడలో ఎందరుంటే అందరికీ పడవలలో చోటుండాలి. పెద్ద ప్రయాణికుల ఓడలలో రాత్రింబవళ్ళు వైర్‌లెస్ వింటూ ఉండాలి. అట్లాంటిక్ ఉత్తరభాగంలో మంచుకొండలకోసం గస్తీ తిరగాలి, ఆ ఖర్చు దేశాలు పంచుకోవాలి. 1914 జనవరి 20న సంతకాలయాయి.

కొద్ది నెలలకే ప్రపంచయుద్ధం వచ్చింది! సంతకం చేసిన దేశాలే ఒకదాని ఓడలను ఒకటి ముంచసాగాయి. ఒడంబడిక అనుకున్నట్టు అమలు కాలేదు. 1929లో మళ్ళీ సమావేశమయారు, 1948లో మళ్ళీ. 1959 నుంచి ఈ పనికి లండనులో ఒక శాశ్వత సంస్థ పనిచేస్తున్నది. ఇప్పుడు దానిలో 170కి పైగా దేశాలున్నాయి. ఒకరు మాట్లాడుతూండగానే దుబాసీలు ఆ మాటలను ఆరు భాషలలో వినిపిస్తారు.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఏ చిన్న మార్పుకైనా మూడింట రెండు వంతుల దేశాలు విడివిడిగా ఒప్పుకోవాలి. కొన్ని దేశాలు ఏళ్ళ తరబడి జవాబే ఇచ్చేవి కావు. 1974 సమావేశంలో దీనికి ఒక ఉపాయం పన్నారు: గడువులోగా కాదనకపోతే ఒప్పుకున్నట్టే! నా ఉద్దేశంలో అన్నిటికన్న తెలివైన పని ఇదే.

విశాఖపట్నం వెళ్ళినప్పుడు, విదేశాలకు పోయే ఓడ కనిపిస్తే దాని వెనకభాగమూ, పక్కలూ చూడండి. నారింజరంగు పడవ వేలాడుతూంటుంది.