ఢాకా ఫిబ్రవరి, మన పరిటాల

ఈ ఫిబ్రవరి సంచికను బెంగాలీ భాషకు కేటాయించాం. నందిగామ, జగ్గయ్యపేట పాఠకులకు శరత్ నవలలు కొత్త కాదు. వాటిని తెలుగులోకి తెచ్చిన చక్రపాణి మన తెనాలివారే. అయితే ఈసారి మా మనసంతా 1952 ఫిబ్రవరి 21 మీదే ఉంది.

అప్పటి పాకిస్తాన్ జనాభాలో సగానికి పైగా బెంగాలీ మాట్లాడేవాళ్లు. అయినా రాజభాష ఉర్దూ ఒక్కటేనని 1948లో జిన్నా ఢాకాలోనే తేల్చి చెప్పారు. విద్యార్థులు ఉర్దూ వద్దనలేదు, మా భాషకూ చోటివ్వమన్నారు. 1952 ఫిబ్రవరి 21న 144వ సెక్షన్‌ను ధిక్కరించి కదిలిన వాళ్లపై పోలీసులు కాల్పులు జరిపారు. బర్కత్, రఫీక్, జబ్బార్ నేలకొరిగారు. 23న వైద్య కళాశాల విద్యార్థులు రాత్రికి రాత్రే ఇటుకలు పేర్చి స్మారకం కట్టారు. 26న పోలీసులు దాన్ని కూల్చేశారు. ఇటుకలకు కూడా భయపడిన ప్రభుత్వం అది! 1956లో బెంగాలీ రాజభాష అయింది. 1999లో యునెస్కో ఆ తేదీనే మాతృభాషా దినంగా ప్రకటించింది.

పరిటాల పెద్దలకు ఇదంతా పరాయి కథగా తోచదు. చుట్టూ మద్రాసు రాష్ట్రం, మధ్యలో ఆ ఊళ్లో నిజాం ఏలుబడి. 1947లో ఊరే స్వతంత్రం ప్రకటించుకుంది. నిజాం రాజ్యంలో కచేరీ కాగితాలైనా, ఉస్మానియా చదువైనా ఉర్దూలోనే. హైదరాబాదులో తెలుగు పుస్తకం కోసం 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆనాటి పరిటాల కాగితాలు, చదువుల జ్ఞాపకాలు మీ ఇళ్లలో ఉంటే రాసి పంపండి. వచ్చే సంచికలో అచ్చు వేస్తాం.