ముందు మందుల సంచి, తరువాత బట్టల పెట్టె



సెలవులు దగ్గర పడేకొద్దీ మా ఓ.పి.లో ఒక మాట తరచుగా వింటుంటాము. “డాక్టరుగారూ, పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది. మేమిద్దరమే కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. ఈసారి ఊటీ వెళ్దామనుకుంటున్నాం, వెళ్ళవచ్చా?” అడిగేది సాధారణంగా భర్త. భార్య పక్కన నిలబడి నవ్వుతూ ఉంటుంది. మా జవాబు ఎప్పుడూ ఒక్కటే. తప్పక వెళ్ళండి, కాని సిద్ధపడి వెళ్ళండి.

మొదట, వెళ్ళండి అని ఎందుకు అంటున్నామో చెబుతాము. మన కుటుంబాలలో ఈ ప్రయాణం ఎప్పుడూ వాయిదా పడుతూనే ఉంటుంది. పిల్లల ఫీజులు కట్టాలి, అమ్మాయి పెళ్ళి చేయాలి, ఇంటి అప్పు తీరాలి, మనవడికి ఏడాది నిండాలి. అన్నీ అయ్యేసరికి మోకాళ్ళు సహకరించవు, లేదా ఇద్దరిలో ఒకరు ఉండరు. ఈ వయసులో షికార్లేమిటని నలుగురు అనుకుంటారని వెనుకాడే విశ్వాసులను కూడా చూశాము. మార్కు సువార్త 6వ అధ్యాయం చదవండి. భోజనానికి కూడా తీరిక లేకుండా పరిచర్య చేసిన శిష్యులను ఏకాంత స్థలానికి వెళ్ళి కొంచెం అలసట తీర్చుకోమన్నది ప్రభువే. విశ్రాంతి సోమరితనం కాదు.

ఇక సిద్ధపడి వెళ్ళండి అనడానికి కారణం ఒక తల్లి. కొన్నేళ్ళ క్రితం ఆమె, ఆమె భర్త ఎంతోకాలంగా అనుకున్న ప్రయాణానికి బయలుదేరారు. ఆమెకు పన్నెండేళ్ళుగా షుగరు ఉంది. బయలుదేరే ముందురోజు కొత్త బూట్లు కొనుక్కున్నారు. రెండవ రోజుకే కాలి వేలికి పొక్కు లేచి చితికింది. షుగరు వలన నరాలు మొద్దుబారినందున ఆమెకు నొప్పి తెలియలేదు. రాత్రి మేజోడు తీసినప్పుడు రక్తం కనిపించింది. ప్లాస్టరు వేసుకుని ఊరుకున్నారు. ఆరవ రోజున మా వద్దకు వచ్చేసరికి వేలు నల్లబడింది, తీసివేయక తప్పలేదు. “ఆయన ఇన్నేళ్ళకు బయలుదేరారు, నా వలన చెడిపోకూడదని చెప్పలేదు” అన్నారామె. “చెప్పి ఉంటే రూములోనే కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం కదా” అన్నారాయన. ఆ మాట మేము ఇప్పటికీ మరచిపోలేదు.

ఆమె నిర్లక్ష్యం గల మనిషి కాదు, ప్రేమ గల మనిషి. అయినా బాధను దాచిపెట్టడం ప్రేమ కాదని మా అభిప్రాయం. దంపతుల ప్రయాణానికి మొదటి సిద్ధపాటు టిక్కెట్లు కాదు, “ఏదైనా బాధ కలిగితే ఆ క్షణమే చెబుతాను” అని ఒకరికొకరు ఇచ్చుకునే మాట.

రెండవ సిద్ధపాటు ఒకరి మందులు మరొకరు తెలుసుకోవడం. మన ఇళ్ళలో భర్త మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయో భార్యకు తెలుసు. భార్య ఏ మాత్ర వేసుకుంటుందో చాలామంది భర్తలకు తెలియదు. అందరి సంచులు సర్దిన ఇల్లాలు తన బి.పి. మాత్రలే ఇంట్లో మరచి వెళ్ళిన సందర్భాలు మాకు తెలుసు. అందుకే ఒక పని చేయండి. భార్య మందుల సంచి భర్త సర్దాలి, భర్త సంచి భార్య సర్దాలి. వారం ప్రయాణమైతే పది రోజులకు సరిపడా మందులు తీసుకోండి. వాటిని రెండు సంచులలో విడివిడిగా పెట్టండి, ఒకటి పోయినా మరొకటి ఉంటుంది. మందుల చీటీ నకలు ఇద్దరి దగ్గరా ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు దానిని చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఎండ తగలకూడదు, మంచుగడ్డకు ఆనించకూడదు, గడ్డకడితే అది పనికిరాదు.

మూడవది నీళ్ళు. ఇది ముఖ్యంగా స్త్రీలకు చెబుతున్నాము. దారిలో మరుగుదొడ్డి ఉండదన్న భయంతో ఉదయం నుండి చుక్క నీరు తాగరు, బి.పి.కి ఇచ్చిన నీటిమాత్ర కూడా మానేస్తారు. తిరిగి వచ్చాక మూత్రంలో మంట, జ్వరం, కళ్ళు తిరగడం అంటూ మా దగ్గరకు వస్తారు. మాత్రను ఏ వేళకు మార్చుకోవాలో ముందే డాక్టరును అడగండి, మీ అంతట మీరు మానవద్దు. కారు మాట్లాడుకుంటే రెండు గంటలకొకసారి ఆపమని డ్రైవరుకు చెప్పవలసినది భర్త. ఆమె అడిగేవరకు ఆగకండి. కాసేపు దిగి నడిస్తే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా తగ్గుతుంది. నీలగిరి జిల్లాలో వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ళ సీసాలపై నిషేధం ఉంది గనుక స్టీలు సీసా వెంట ఉంచుకోండి.

నాలుగవది తిండి వేళలు. ఇన్సులిన్ గాని, కొన్ని రకాల షుగరు మాత్రలు గాని వాడేవారికి భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, చికాకు, తడబడే మాట దాని గుర్తులు. భర్త ఊరకే కోప్పడుతున్నాడని భార్య అనుకోవచ్చు, అది షుగరు పడిపోవడం కావచ్చు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి, తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, 108కి ఫోను చేయండి. ఆ నంబరు మన దగ్గరా, తమిళనాడులోనూ పనిచేస్తుంది.

ఊటీ వెళ్ళేవారికి మరొక మాట. మేట్టుపాళయం నుండి వెళ్ళే చిన్న రైలు 46 కిలోమీటర్ల దారిలో 326 మీటర్ల ఎత్తు నుండి 2,203 మీటర్లకు ఎక్కుతుంది. పైన చలి, ఎత్తుపల్లాల నడక ఉంటాయి. చలికి బి.పి. పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. ఇంటి దగ్గర రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కలేకపోతే, ఈ మధ్య గుండెల్లో బరువుగా ఉంటే, పరీక్ష చేయించుకున్నాకే టిక్కెట్లు కొనండి.

రైలు రిజర్వేషన్లు 2024 నవంబరు 1 నుండి 60 రోజుల ముందు తెరుస్తున్నారు. 60 ఏళ్ళు దాటిన పురుషులకు, 45 ఏళ్ళు దాటిన స్త్రీలకు కింది బెర్తుల కోటా ఉంది. ఒకే టిక్కెట్టుపై అలాంటివారు ఇద్దరి వరకు ఉంటే వర్తిస్తుంది గనుక అది దంపతులకు సరిగ్గా సరిపోతుంది. టిక్కెట్టు దొరికిన వారంలోనే కొత్త చెప్పులు కొని ఇంట్లో రోజూ కాసేపు తొడిగి అలవాటు చేసుకోండి. నెల రోజుల ముందు ఇద్దరూ కలిసి ఆసుపత్రికి రండి. మందు మార్చవలసి వస్తే అది ఎలా పనిచేస్తుందో చూడటానికి ఆ వ్యవధి కావాలి. ప్రయాణం ముందురోజు వస్తే మేము చేయగలిగింది తక్కువ.

“ఇన్ని లెక్కలు చూసుకుంటే ఇక సంతోషమేముంది, దేవుడే చూసుకుంటాడు” అనేవారున్నారు. మంచి సమరయుని ఉపమానం గుర్తు చేసుకోండి. గాయపడినవానిపై జాలిపడడమే కాదు, గాయాలకు పోయడానికి నూనె, ద్రాక్షారసం అతని దగ్గర ఉన్నాయి. ప్రయాణంలో ఉన్నవాడి సంచిలో అవి లేకపోతే ఆ జాలి ఎంతవరకు పనికివచ్చేది? సిద్ధపాటు అవిశ్వాసం కాదు.

చివరిగా, ప్రతి రాత్రి పడుకునే ముందు ఇద్దరూ ఒకరి పాదాలు మరొకరు చూడండి. రెండు నిమిషాల పని. ముప్పై ఏళ్ళు ఈ పాదాలు ఎవరి కోసం నడిచాయో గుర్తు చేసుకుని ప్రార్థించి పడుకోండి. దేవుడు మీ ప్రయాణమును సంతోషకరముగా, క్షేమకరముగా నడిపించును గాక.