చూపు తప్పిన క్షణం

కోటబొమ్మాళి ప్రాంతం గుండా రెండు ప్రధాన మార్గాలు సాగుతున్నాయి. ఒకటి చెన్నై–హౌరా రైలుమార్గం. రెండవది, పూర్వం 5వ నంబరుగా ఉండి నేడు 16వ నంబరుతో వ్యవహరింపబడుతున్న జాతీయ రహదారి. ఆ రహదారిపై రాత్రింబవళ్లు ఒడిశా వైపు సాగే లారీలు, టెక్కలి గ్రానైటు మోసే ట్రైలర్లు, వాటి నడుమ ఆటోలు, మోటారు సైకిళ్లు, పశువులను తోలుకొని దారి దాటే రైతులు కనిపిస్తారు. ఇటువంటి దారిలో చోదకుని చూపు ఫోనుకు మరలితే ఏమవుతుందో సులభంగా లెక్కించవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు 22 మీటర్లు సాగుతుంది. సందేశం చదవడానికి 5 సెకన్లు పడితే 110 మీటర్లు దాటిపోతుంది. అంత దూరమూ ఆ వాహనం గుడ్డిదే.

ఈ ప్రమాదాన్ని చట్టం గుర్తించకపోలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించి, వాహనం నడుపుతూ ఫోను చేతపట్టి వాడటాన్ని అపాయకరమైన డ్రైవింగుగా పేర్కొన్నారు. మొదటి తప్పుకు 1,000 నుండి 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా 6 నెలల నుండి సంవత్సరం వరకు జైలు. 2020 అక్టోబరులో వచ్చిన నిబంధనలు, ఏకాగ్రతకు భంగం కలగని రీతిలో దారి తెలుసుకోవడానికి మాత్రం ఫోను వాడవచ్చునన్నాయి.

నిషేధం విధించినంత మాత్రాన చూపు దారిపై నిలుస్తుందా? అమెరికాలో సందేశాలపై నిషేధాన్ని 2007లో తొలుత వాషింగ్టన్ రాష్ట్రం తెచ్చింది. అటువంటి నాలుగు రాష్ట్రాల బీమా క్లెయిములను హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ 2010లో పరిశీలించగా, ప్రమాదాలు తగ్గిన జాడ కనిపించలేదు. కొన్నిచోట్ల స్వల్పంగా పెరిగాయి కూడా. పోలీసులకు కనబడకుండా ఫోనును ఒడిలోకి దించి చూడటమే ఇందుకు కారణం కావచ్చునని ఆ పరిశోధకులు ఊహించారు. చాటుకు పోయిన ఫోను చూపును మరింత దూరం లాగుకొని పోతుంది. ఇది చట్టం వద్దనడానికి కారణం కాదు. చట్టం ఒక్కటే చాలుననుకోవడం పొరపాటని మాత్రం తెలుపుతుంది.

మన దేశంలో ఫోను వాడకం వల్ల 2021లో 1,997 ప్రమాదాలు జరిగి 1,040 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. ఆ ఏడాది రోడ్డు ప్రమాదాల మృతులు మొత్తం 1,53,972 మంది. ఫోను వాటా ఇంత స్వల్పమని నమ్మడం కష్టం. ప్రమాదస్థలంలో నుజ్జయిన వాహనాన్ని చూసి దాని వేగాన్ని ఊహించవచ్చు గాని, చోదకుని చూపు ఎక్కడున్నదో ఊహించలేము. అందువల్ల అధిక భాగం అతివేగం ఖాతాలోకే చేరుతుంది.

దీనికి విరుద్ధమైన పొరపాటూ ఉన్నది. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద, కోటబొమ్మాళి మీదుగా పలాస వెళ్లే ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు వెనుక నుండి ఢీకొన్నది. 14 మంది మరణించారు. చోదకులు ఫోనులో క్రికెట్ చూస్తూ ఏమరుపాటు చెందారని 2024 మార్చిలో రైల్వే మంత్రి ప్రకటించారు. తరువాతి దర్యాప్తులో ఆ మాటకు ఆధారం లభించలేదని పత్రికలు రాశాయి. లోపమున్న సిగ్నళ్లను నిబంధన పాటించకుండా దాటారన్నది ప్రాథమిక విచారణ మాట. ఆ సిగ్నళ్లు ఎందుకు పాడయ్యాయన్న ప్రశ్న ఆ రోజుల్లో క్రికెట్ ముచ్చట్లలో మరుగున పడింది. చనిపోయిన చోదకులు సంజాయిషీ చెప్పుకోలేరు గదా! ఫోనును నిందించేవారు సైతం ముందు దాని రికార్డును చూడవలసి ఉన్నది.

ఇక సాధారణంగా ఎవరూ ఎత్తని సంగతి ఒకటున్నది. ఫోను దానంతట అది మోగదు. సరుకు ఎక్కడి దాకా వచ్చిందని గంటకొకమారు లారీ యజమాని పిలుస్తాడు. అన్నానికి వస్తున్నావా అని ఇంటివారు పిలుస్తారు. పలకకపోతే యజమానికి కోపం, ఇంటివారికి కంగారు. జరిమానా రసీదుపై చోదకుని పేరొక్కటే ఉంటుంది. బండి ఎక్కే ముందే “నరసన్నపేట దాటాక ఆపి మాట్లాడతాను” అని చెప్పే వీలు అతనికి ఇవ్వవలసినవారు ఆ పిలిచేవారే.